అప్‌డేట్: సిజేరియన్ తర్వాత రాత్రిపూట నొప్పి మందు

గుంటూరు ఆసుపత్రిలో మా చెల్లెలికి సిజేరియన్ అయ్యాక, రాత్రి వార్డంతటికీ ఒక్క నర్సే ఉండడం వల్ల నొప్పి మందు ఆలస్యమవుతోందని, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. నొప్పి ముదిరాక అడిగే బదులు వేళ ప్రకారం మందు ఇప్పించమన్న మీ సలహాను డాక్టరమ్మగారి ముందుంచగా, ఆవిడ పారాసిటమాల్ 1 గ్రాము చొప్పున 6 గంటలకొకసారి, దానితోపాటు డైక్లోఫెనాక్ అనే మరో నొప్పి మందు, వేళలతో సహా కేస్‌షీటులో రాసి, పారాసిటమాల్ 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదని చెప్పారు. ఆ వేళలను అమ్మ ఒక అట్టముక్క మీద రాసి మంచానికి కట్టి, వేసిన ప్రతి మోతాదుకూ టిక్కు పెట్టింది. అన్ని మంచాల మధ్య పరుగులు తీసే ఆ నర్సమ్మను తప్పుపట్టే మనసు నాకు లేదు, ఆవిడకూ ఆ అట్ట పనికివచ్చింది. దగ్గు వచ్చినప్పుడు కుట్ల మీద మడత తువ్వాలు అదిమి పట్టుకోవడం, పక్కకు ఒరిగి లేవడం చెల్లెలికి చాలా ఊరటనిచ్చాయి. ఇప్పుడు తను కూర్చుని బిడ్డకు పాలిస్తోంది.