పాన్ షాపులో (తాకట్టు దుకాణంలో) వించెస్టర్ 97 ట్రెంచ్ గన్: 2,400 డాలర్లు పెట్టొచ్చా?

పాతసరుకు:
పాన్ షాపులో వించెస్టర్ మోడల్ 1897 (పొట్టిగా 97) షాట్‌గన్ ఒకటి కనబడింది, 12 గేజ్ (గొట్టం లావు కొలత). చీటీ మీద "మొదటి ప్రపంచ యుద్ధం, ట్రెంచ్ గన్, 2,400 డాలర్లు" అని రాసుంది. ట్రెంచ్ గన్ అంటే కందకాల్లో పోరాటానికి సైన్యం వాడిన షాట్‌గన్. బ్యారెల్ 20 అంగుళాలు, దాని మీద చేతికి వేడి తగలకుండా చిల్లుల రేకు, కింద బయొనెట్ (తుపాకీ మొన కత్తి) తగిలించే అమరిక. రిసీవర్ (తుపాకీ మధ్య లోహపు భాగం) మీద "యు.ఎస్." అనీ, మంట లేస్తున్న బాంబు గుర్తూ (అమెరికా సైన్యం ముద్ర) ఉన్నాయి. షాపతను శనివారం దాకా ఎవరికీ అమ్మనన్నాడు. అసలుదేనా? ఆ ధర సబబేనా?

గురితప్పడు:
గుర్తులున్నాయంటే ఇంకేం కావాలి బ్రో? మామూలు 97లు 1957 దాకా పది లక్షల పైన చేశారు, అవి వందల డాలర్లలోనే దొరుకుతాయి. అసలు ట్రెంచ్ గన్ 2,400కి రావడం అదృష్టం. కొనేయ్.

రేకుకింద:
కొనేయ్ అనడం సులువే. గుర్తు కొట్టడానికి ఒక పంచ్, ఒక సుత్తి చాలు. రేకు, బయొనెట్ అమరిక రెండూ కొత్తగా తయారుచేసి విడిగా అమ్ముతున్నారు. ఎవడైనా వేట తుపాకీ బ్యారెల్ కోసి, అవి బిగించి "ట్రెంచ్ గన్" అనేయొచ్చు.

ముందు ఆ చీటీ సంగతి. మొదటి యుద్ధం నాటి ట్రెంచ్ గన్లు బ్యారెల్ ఊడిరాని రకం, రేకు మీద చిల్లులు ఆరు వరుసలు. రెండో యుద్ధం నాటివి ఎక్కువగా విడదీసే రకం, నాలుగు వరుసలు. మీ దగ్గర ఉన్నది ఏదో లెక్కపెట్టండి. 1918 సెప్టెంబరులో షాట్‌గన్ల వాడకం మీద జర్మనీ అధికారికంగా అభ్యంతరం చెప్పింది, అమెరికా విదేశాంగ మంత్రి లాన్సింగ్ కుదరదన్నాడు. ఆ కథ పుణ్యమా అని "మొదటి యుద్ధం" అని రాస్తే ధర పెరుగుతుంది, అందుకే రాస్తారు.

తర్వాత బ్యారెల్. రెండో యుద్ధం నాటిదైతే బాంబు గుర్తు రిసీవర్ మీదే కాదు, బ్యారెల్ మీద కూడా ఉండాలి. చోక్ (బ్యారెల్ మూతి దగ్గర ఇరుకు) గుర్తు చదవండి. ట్రెంచ్ గన్ బ్యారెల్ సిలిండర్ బోర్, అంటే ఇరుకు లేనిది, దాని మీద "సీవైఎల్" అనుంటుంది. "ఫుల్" (బాగా ఇరుకు) అని ఉండి పొడవు 20 అంగుళాలే ఉంటే అది కోసిన బ్యారెల్, ఇక వాదన అక్కర్లేదు. బయొనెట్ అమరిక స్క్రూలు పట్టడానికి బ్యారెల్ అడుగున అడ్డంగా గాడులు ఉంటాయి. ఫ్యాక్టరీ గాడి శుభ్రంగా, లోపల కూడా బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా వేసే నీలి నలుపు పూత) పాతబడి ఉంటుంది. ఆకురాయితో కోసింది వంకరగా, తెల్లగా మెరుస్తుంది.

ఆర్సెనల్‌మామ:
అంత కచ్చితంగా చెప్పకండి. సైన్యం వీటిని ఆర్సెనల్స్‌లో (తన ఆయుధశాలల్లో) విప్పి, బాగుచేసి, మళ్లీ వాడింది. భాగాలు కలిసిపోవడం మామూలే. బ్లూయింగ్ పోయి బూడిదరంగు పార్కరైజింగ్ పూత ఉందని "నకిలీ" అనేవాళ్లని చాలామందిని చూశాను. అది కూడా ఆ తుపాకీ చరిత్రే కదా.

రేకుకింద:
నిజమే మామా, కానీ బాగుచేసిన ఆర్సెనల్ సాధారణంగా స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మీద తన ముద్ర వేస్తుంది. అగస్టా ఆర్సెనల్‌లో చేసినవాటికి "ఏఏ" అనుంటుంది. ముద్ర ఉంటే మీ మాటకు ఒప్పుకుంటాను. ఏ ముద్రా లేకుండా "ఆర్సెనల్‌లో మార్చారు" అనడం అమ్మేవాడి మాట.

నాని_4473:
ధర సంగతి తర్వాత, నువ్వు ఏ వీసా మీద ఉన్నావు? హెచ్1బి లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. పాన్ షాపులో 4473 ఫారం (తుపాకీ కొనేవాళ్లు ఇచ్చే ప్రభుత్వ ఫారం) నింపేటప్పుడు ఇదే అడుగుతారు, అక్కడ తప్పు రాస్తే నేరం. గ్రీన్ కార్డు ఉంటే ఈ అడ్డు లేదు. షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాల కన్నా తక్కువైతే వేరే రిజిస్ట్రేషన్ కావాలి, కోసిన బ్యారెల్ అనుమానం ఉంది కాబట్టి టేపుతో కొలువు.

పాతసరుకు:
గ్రీన్ కార్డు ఉంది నానీ, థాంక్స్. మళ్లీ వెళ్లి చూసొచ్చాను. విడదీసే రకం, రేకుకు నాలుగు వరుసలు. అంటే చీటీ అబద్ధం. బ్యారెల్ మీద బాంబు గుర్తు లేదు, చోక్ దగ్గర "ఫుల్" అనే ఉంది. అడుగున గాడులు తెల్లగా మెరుస్తున్నాయి. స్టాక్ మీద ముద్రలేవీ కనబడలేదు. షాపతను "మళ్లీ బ్లూయింగ్ చేయించి ఇస్తా" అంటున్నాడు.

గురితప్పడు:
రిసీవర్ అయితే మిలటరీదే కదా! నేనైతే 1,500 ఇచ్చేస్తాను. గోడకు పెట్టుకోడానికి, రేంజ్‌లో కాల్చడానికి బ్యారెల్ ఎవడు చదువుతాడు?

రేకుకింద:
నువ్వు చదవవు, రేపు నీ దగ్గర కొనేవాడు చదువుతాడు. రిసీవర్ గుర్తు నిజమే అనుకున్నా ఇది కోసిన బ్యారెల్, తర్వాత బిగించిన రేకు ఉన్న 97. నా లెక్కలో మామూలు 97 ధర, ఆ పైన రేకుకు కొంచెం. వెయ్యి దాటితే నేను తిరిగి వచ్చేస్తాను. కొత్త బ్లూయింగ్ మాత్రం వద్దని చెప్పండి. పాలిష్ పడితే గుర్తుల అంచులు అరిగిపోతాయి, తర్వాత ఎవరూ నిజమో అబద్ధమో తేల్చలేరు.

ఆర్సెనల్‌మామ:
బ్లూయింగ్ విషయంలో నాదీ అదే మాట. ధర విషయంలో కాదు. నిజమైన యు.ఎస్. రిసీవర్ చేతికొస్తే సరైన బ్యారెల్ కోసం వెతికేవాళ్లున్నారు, వాళ్లకు వెయ్యి పెద్ద లెక్క కాదు. కాకపోతే వెతికి బిగించాక దాన్ని "ఒరిజినల్" అని అమ్మకూడదు.

కాల్చే ముందు ఒక మాట. చాంబరూ (తూటా పేలే చోటు) ట్యూబూ (మిగతా తూటాలుండే గొట్టం) రెండూ ఖాళీ చేసి, గన్‌స్మిత్‌తో చాంబర్ పొడవు కొలిపించు, పాతవాటిలో కొన్ని ఇప్పటి తూటా కన్నా పొట్టివి. 97లో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని పంప్ చేస్తే (బ్యారెల్ కింది పిడిని వెనక్కీ ముందుకీ లాగితే) బోల్ట్ మూసుకోగానే పేలుతుంది. అలవాటు లేని చేతికి అది ప్రమాదం.

పాతసరుకు:
900 ఇస్తానన్నాను. గాడులు చూపిస్తే కాసేపు మాట్లాడలేదు, చివరికి 1,900 అన్నాడు. నంబర్ ఇచ్చి వచ్చేశాను. రిసీవర్ గుర్తుల ఫొటోలు రేపు పెడతాను, మామా, మీరు చూసి చెప్పండి.