‘తాన అంటే తందాన’: వంత అంటే తలూపేవాడేనా?

“ఆయన తాన అంటే ఈయన తందాన అంటడు” అనే మాట గురించి అడిగారు కదా. నల్లగొండలో హోటల్ ముందు రాజకీయాలు మాట్లాడుకునేవాళ్ల నోట ఇది మామూలే. నాయకుడు ఏమన్నా తలూపేవాడని మీరంతా చెప్పిన అర్థం కరెక్టే. ‘వంత పాడటం’ కూడా అదే దారిలో తిట్టయి కూర్చుంది. కానీ కథ చెప్పే చోట వంత, అంటే కథకుడి పక్కన నిలబడి ‘తందాన’ అని పాట అందుకునేవాడు, చేసే పని చాలా పెద్దది. దాన్ని చూడకపోతే కథలు జనం రాజకీయాన్ని ఎట్లా మార్చాయో తెలియదు.

బుర్రకథ చూసినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. నడుమ తంబురతో కథకుడు, చెరో పక్క డక్కీలనే చిన్న వాద్యాలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. పౌరాణికమైనా, చారిత్రకమైనా ఈ రెండో వంత మధ్యలో ఆపి నేటి సంగతి ఎత్తుతాడు. “ఆగన్నా, అంతటోనికి ఎదురు తిరిగితే బతకనిస్తడా?” అంటాడు. చాప మీద కూర్చున్నవాడి మనసులో అప్పటికే మెదులుతున్న అనుమానం అది. కథకుడు జవాబు చెప్తాడు, వెంటనే ముగ్గురూ తందాన అందుకుంటారు. విన్నవాడు నోరు తెరవకుండానే అతని ప్రశ్నకు జవాబు దొరికింది. ఉపన్యాసంలో ఈ సౌకర్యం లేదు. నా లెక్కలో వంత తలూపేవాడు కాదు, జనం తరఫున అడిగేవాడు.

మన జిల్లా దీనికి పెద్ద సాక్ష్యం. నిజాం కాలంలో దొరలకు ఎదురు నిలిచిన ఆంధ్ర మహాసభను ఊళ్లలో ‘సంఘం’ అనేవారు. దాని మాటను పాటల కవి సుద్దాల హనుమంతు గారు గొల్లసుద్దులనే జానపద కథారూపంలో, బుర్రకథలో చెప్పారు. జనానికి ఆ వరస ముందే తెలుసు, కథే కొత్తది. ఆయన ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట చూడండి. దొరల మీద విమర్శతో మొదలుకాదు. పసులు కాసే పిల్లవాణ్ని పలకరించి, కొలువు కుదిరి ఎన్నాళ్లయిందని అడుగుతుంది. అక్కడ కూర్చున్న తల్లికి తన కొడుకు కళ్లముందు మెదిలి ఉంటాడు. వెట్టి తన కర్మ అనుకున్న మనిషి, ఇది ఎవరో పెట్టిన పద్ధతి అనుకోవడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో చనిపోయారు. ఆ ఊరు అప్పట్లో నల్లగొండ జిల్లాలోనిదే. ఆయన మరణమూ పాటయింది, కథయింది.

పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు పండుగ సాయన్న కథ ఉంది. సర్కారు కళ్లకు దొంగ, కథలో ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాద్యం మీద ఆ కథ పాడారు. న్యాయం ఎవరి పక్క ఉందో పుస్తకం ముట్టనివాళ్లకు ఆ కిన్నెరే చెప్పింది.

“అయితే ఇది జనాన్ని నమ్మించే కిటుకే కదా, అబద్ధం చెప్పినా పనిచేస్తుంది కదా?” అని ఒకరు అడిగారు. పనిచేస్తుంది. 2000లో అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు మెలనీ గ్రీన్, టిమొతీ బ్రాక్ తాము చేసిన ప్రయోగాలు ప్రచురించారు. కథలో బాగా మునిగినవాళ్లకు అందులో అనుమానించాల్సిన చోట్లు తక్కువగా కనబడ్డాయి, నమ్మకాలూ కథ వైపే మొగ్గాయి. ఇది కల్పన అని ముందే చెప్పినా పెద్దగా తేడా రాలేదు. పైగా మన రాజకీయ వంత కూడా ఆ బృందంలోని మనిషే. కథకుడికి జవాబు తెలిసిన ప్రశ్నే వేస్తాడు.

అయినా నేను వెట్టి కథనూ, ఇవాళ వాట్సాప్‌లో తిరిగే కథనూ ఒకే గాటన కట్టను. వెట్టి కథ విన్నవాళ్లు వెట్టి చేసినవాళ్లు. కథకుడు ఒక్క మాట తప్పినా పట్టుకునేవాళ్లు. ఫోన్లో వచ్చేది మనం ఎన్నడూ చూడని ఊరి గురించి, ఎన్నడూ పలకరించని మనుషుల గురించి. దాన్ని సరిచూసుకోవడానికి మన బతుకులో ఏమీ ఉండదు. ‘తాన అంటే తందాన’ అని తిట్టాలనుకుంటే, ఆలోచించకుండా దాన్ని పది గ్రూపులకు పంపేవాణ్ని తిట్టండి. పాపం, వంతను కాదు.

దేవరకొండ, అచ్చంపేట, వనపర్తి వైపు వాళ్లు ఉంటే ఒకటి చెప్పండి: మీ ఊళ్లలో కథను మధ్యలో ఆపి అడిగే మనిషిని ఏమని పిలిచేవారు?