హీట్ పంపులు, కరెంటు పొయ్యిలు: చిన్న వ్యాపారులకు సాయం చేయాలా, వద్దా?

క్లాక్‌టవర్‌వాలా
అనంతపురంలో నాకు 18 గదుల లాడ్జి ఉంది. పోయినేడు గది గదికీ ఉన్న గీజర్లు పీకేసి, మేడ మీద ఒకే హీట్ పంపు పెట్టించాను. ఏసీని తిరగేసినట్టు ఉంటుంది దాని పని: బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళకు ఎక్కిస్తుంది. వంద లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి గీజరుకు నాలుగు యూనిట్లకు తగ్గదు. దీనికి ఒకటిన్నర లోపే. కాకపోతే మొదట పెట్టే డబ్బు చూస్తేనే గుండె జారుతుంది.
2014-15లో మన జిల్లాలో పది రూపాయలకే ఎల్ఈడీ బల్బులిచ్చి, మిగతా ఖర్చు ఆదా అయిన కరెంటులోంచి రాబట్టుకున్నారు. హోటళ్ళకు, బట్టల కొట్లకు కరెంటు తక్కువ తాగే ఇన్వర్టర్ ఏసీలు, ఇండక్షన్ పొయ్యిలు కూడా అలాగే ఇచ్చి, నెలనెలా బిల్లులో పట్టుకోవచ్చు కదా?

ఉగ్గానీ బజ్జీ
అన్నా, ఇండక్షన్ పొయ్యి మీద దోసె వస్తుందా?

క్లాక్‌టవర్‌వాలా
ఎందుకు రాదు?

ఉగ్గానీ బజ్జీ
మాది పాతూరులో టిఫిన్ హోటలు. పెనం మూడడుగులు, ఒక వాయికి ఆరు దోసెలు. ఇంట్లో ఇండక్షన్ మీద పోసి చూశాను. కాయిల్ ఉన్నంత మేరే వేడి, మధ్యలో మాడుతుంది, అంచు పచ్చిగా ఉంటుంది. నీళ్ళు చల్లి చీపురుతో ఊడిస్తే చుయ్యిమనాలి. ఆ చప్పుడు రాలేదంటే పిండి అంటుకుంటుంది. పొద్దున ఏడింటికి ఇరవై మంది నిలబడి ఉంటే నేను ప్రయోగాలు చేయలేను.

మెకానిక్ మామ
ఇంటి ఇండక్షన్‌తో హోటలు పెనాన్ని పోల్చొద్దప్పా. కింద అంతటా హీటర్లు పరిచి, థర్మోస్టాట్ పెట్టిన కరెంటు పెనాలు వేరే ఉన్నాయి. లెక్క చూడు. 19 కిలోల సిలిండర్‌లో ఉండే వేడి సుమారు 240 యూనిట్లకు సమానం. అందులో సగం గిన్నెకు అందదు, వంటమాస్టరు మొహానికి కొడుతుంది. సాంబారు, అన్నం ఇండక్షన్ మీద చేస్తే అదే పని 150 యూనిట్లలోపు అయిపోతుంది. యూనిట్ పది రూపాయలనుకో, సిలిండర్ ధరతో పోల్చి చూసుకో.

ఉగ్గానీ బజ్జీ
సాంబారు సరే. నేనడిగింది దోసె.
ఇంకోటి. రెండేళ్ళ కింద ఫ్యామిలీ హాలుకు ఐదు స్టార్ల ఏసీ కొన్నా. మే నెలలో లో వోల్టేజికి కంప్రెసర్ కాలింది. స్టెబిలైజర్ లేదు కాబట్టి వారంటీ రాదన్నాడు అమ్మినవాడు. కొనేటప్పుడు అవసరం లేదన్నదీ వాడే! గాలివానకు కరెంటు పోతే గ్యాస్ పోదు కదా?

బురుజు నీడ
కర్నూలు నుంచి. ఓర్వకల్లు వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు. మా కొట్లో మిట్టమధ్యాహ్నం ఫ్యాను కూడా నీరసంగా తిరుగుతుంది. ముందు లైన్లు బాగుచేయమనండి.

మెకానిక్ మామ
తప్పంతా లైనుదే కాదు. మీటరుకు మూడు కిలోవాట్ల లోడు (ఒకేసారి వాడుకోగల కరెంటు) రాయించుకుని రెండు ఏసీలు, గ్రైండరు, ఫ్రిజ్ నడిపేవాళ్ళు వీధికి పదిమంది. స్టార్ల స్టికర్ మీద ఏ సంవత్సరమో కూడా చూడండి. లెక్క కొన్నేళ్ళకోసారి బిగిస్తారు, పాత ఐదు ఇప్పటి ఐదు కాదు. అన్నిటికంటే ముందు పాత ఫ్యాన్లు తీసి బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారువి పెట్టండి. 75 వాట్లు తినేచోట 30కి దిగుతుంది.

కడప కారం
కట్టెల పొయ్యి మీద సంగటి తినండి, అందరూ చల్లబడతారు.

క్లాక్‌టవర్‌వాలా
బజ్జీ తమ్ముడూ, నీకు మారడం ఇష్టం లేదు. దోసె ఒక సాకు. ఇలాంటివాళ్ళకు ఊరికే ఇచ్చినా అటకెక్కిస్తారు.

ఉగ్గానీ బజ్జీ
సాకా? సొంత మేడ మీద కూర్చున్నవారికి అలాగే కనిపిస్తుంది సార్.
నాది అద్దె కొట్టు. మీటరు ఓనరు పేరు మీద. కరెంటు పెనం పెట్టాలంటే లోడు పెంచాలి, లోడు పెంచాలంటే ఆయన సంతకం కావాలి. అడిగితే 'అయితే అద్దె కూడా పెంచుకుందాం' అన్నాడు. అగ్రిమెంటు పదకొండు నెలలు. మీరన్నట్టు ఆ పెనం డబ్బు ఐదేళ్ళు బిల్లులో పడుతుంటే, నన్ను ఏడాదికే ఖాళీ చేయిస్తే మిగతాది ఎవరు కడతారు? ముందున్న కొట్లో నా డబ్బుతో పొగగొట్టం, టైల్స్ వేయించాను. అన్నీ బాగయ్యాక 'మా బావమరిదికి కావాలి' అన్నాడు అక్కడి ఓనరు. సాయమంటే వ్యాపారికా, బిల్డింగుకా? అది తేల్చండి ముందు.

బురుజు నీడ
ఇది అసలు మాట. మాదీ అద్దె కొట్టే.

క్లాక్‌టవర్‌వాలా
తొందరపడి అన్నాను, ఏమనుకోవద్దు. ఓనర్ల వైపు కూడా ఒకటుంది. నా లాడ్జి కింద రెండు కొట్లు అద్దెకిచ్చాను. టీ కొట్టతను పెద్ద ఫ్రిజ్ పెడతానని లోడు అడిగితే నేనూ కాదన్నాను. అతను ఖాళీ చేసి పోతే పెరిగిన లోడుకు నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జీ నేనే కట్టాలి. బాకీ పెడితే లైను తీసేది నా మీటరుకే.

మెకానిక్ మామ
అందుకే వస్తువు ఎవరిదో అగ్రిమెంటులో రాయించుకోవాలి. పోయేటప్పుడు పెనం తీసుకుపోవచ్చు. లోడు తీసుకుపోలేడు, దానికి కట్టిన డిపాజిట్ కొత్తగా వచ్చినవాడి నుంచి ఇప్పించాలి. రెండు వాక్యాల పని, ఎవరూ రాసుకోరు.

ఉగ్గానీ బజ్జీ
అన్నా, ఆ టీ కొట్టాయన లోడు కాగితం మీద ముందు మీరు సంతకం పెట్టండి. పెట్టాక చెప్పండి, నేనే మీ మేడ ఎక్కి ఆ పంపు చూస్తా.