75 అంగుళాల ప్యానెల్‌కి చక్రాల స్టాండ్: పైపు మందం ఎంత ఉండాలి?

ట్యూషన్ సార్, దిల్‌సుఖ్‌నగర్:
అందరికీ నమస్తే. మాది ఆరు నుంచి పదో తరగతి వరకు చెప్పే ట్యూషన్ సెంటర్. సెకండ్ హ్యాండ్‌లో 75 అంగుళాల టచ్ ప్యానెల్ దొరికింది. వెనక స్టిక్కర్ మీద 52 కిలోలని ఉంది. రెండు గదుల మధ్య ఉన్నది జిప్సం పార్టిషన్, దానికి బిగించలేం. మిగతా గోడలకి డ్రిల్ పెడితే ఓనర్ ఊరుకోడు. పైగా పొద్దున ఒక గదిలో, సాయంత్రం ఇంకో గదిలో కావాలి.

మా వీధి చివర వెల్డింగ్ షాపతను 2 అంగుళాల స్క్వేర్ పైపుతో చేసిస్తానన్నాడు. నేను గీసిచ్చిన బొమ్మ ఇది: కింద 4 అడుగుల వెడల్పు, 18 అంగుళాల లోతు ఫ్రేమ్, నాలుగు చక్రాలు, నిలువుగా రెండు పైపులు. ప్యానెల్ మధ్యభాగం నేల నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తులో. లోతు పెంచితే ముందు బెంచీ తీసేయాల్సి వస్తుంది. పైపు 2 ఎం.ఎం. మందం చాలా, 3 వేయించాలా?

గల్లీ మండపం:
3 వేయించండి సార్, ఎందుకు రిస్కు. మా వినాయక మండపంలో పెద్ద ఎల్‌ఈడీ పెట్టినప్పుడు స్టాండు కాళ్ల మీద ఇసుక సంచులు వేస్తాం. మీరూ రెండు వేసుకోండి, అయిపోతుంది.

బాలానగర్ ఫిట్టర్:
తమ్మీ, పైపు గురించి ఫికర్ చెయ్యకు. 2 ఎం.ఎం. చాలు, 52 కిలోలకు అది వంగదు. ఆ 18 అంగుళాల తోనే పరేషాన్. నీ స్టాండు విరగదు, బోర్లా పడతది.

లెక్క చూడు. ప్యానెల్ 52 కిలోలు, స్టాండు ఒక 35 అనుకో, మొత్తం 87. లోతు 45 సెంటీమీటర్లంటే సగం ఇరవై రెండున్నర. చక్రాలు లోపలికి తిరిగినప్పుడు ఆనే చోటు ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పోతది. ఇది ఎవ్వరూ లెక్కల వెయ్యరు. అంటే నీకు మిగిలేది 20. ప్యానెల్ పై అంచు నేల నుంచి 190 దాక ఉంటది. బ్రేకులు వేసి పై అంచును నెడితే 87 ఇంటూ 20 బై 190, అంటే 9 కిలోల చిల్లర బలానికే పడతది. పదో తరగతి పిల్లగాడు చెయ్యి ఆనిచ్చి వాలితే చాలు.

గిప్పుడు లోతు 30 అంగుళాలు చెయ్యి. సగం 38ల చక్రాల కోత పోను 35 సెంటీమీటర్లు. అడుగున 600 ఇంటూ 400 కొలతల 10 ఎం.ఎం. ఇనుప ప్లేట్లు రెండు బిగించు. ఒక్కోటి దగ్గర దగ్గర 19 కిలోలు పడతది. మొత్తం బరువు 125. అదే లెక్క వేస్తే 23 కిలోలు వస్తది. మండపం తమ్ముడు చెప్పిన ఇసుక సంచుల పని గీ ప్లేట్లు చేస్తయ్. సంచులైతే నెల తిరగకముందే ఎవడో ఒకడు పక్కకు జరుపుతడు.

నిలువు పైపులు ఫ్రేమ్ మధ్యకంటే కొంచెం వెనకకు పెట్టు. ప్యానెల్ బరువు ఫ్రేమ్ నడుమల పడాలె. పైపులనే నడుమల పెడితే బరువు ముందుకు వస్తది. కింద జాయింట్లకు త్రికోణం ప్లేట్లు వెయ్యమను. వెల్డింగాయన ఒక మూల పూర్తిగ చేసి ఇంకో మూలకు పోతే ఫ్రేమ్ మెలిక తిరిగి ఒక చక్రం గాల్లో ఉంటది. ముందు అన్ని మూలలు టాక్ కొట్టి (అంటే చిన్న చుక్క వెల్డింగ్), గునియా (మూలమట్టం) పెట్టి, రెండు కర్ణాలు టేపుతో కొలిచి, సమానం వచ్చినంక ఫుల్ వెల్డింగ్. పక్కనే నిలబడు, లేకుంటే చెయ్యడు.

ట్యూషన్ సార్:
చాలా థాంక్స్ అన్నా. మరి 30 అంగుళాలంటే ముందు బెంచీ పోతుంది. బ్రేకు వేయకుండా వదిలేస్తే? నెట్టినా పడకుండా వెనక్కి జరుగుతుంది కదా?

బాలానగర్ ఫిట్టర్:
జరిగి జరిగి టైల్ అంచుకో, గదుల మధ్య గ్రానైట్ పట్టీకో చక్రం తగిలి ఆగుతది. కింద ఆగి పైన ఆగకుంటే ఏమైతదో నువ్వే చెప్పు. నాలుగు అంగుళాల చక్రాలు తీసుకో, నాలుగింటికీ బ్రేకులుండాలె, ఒక్కోటి 75 కిలోలు మోసేది. నేల ఎగుడు దిగుడుంటే మొత్తం బరువు మూడు చక్రాల మీదే పడతది, అందుకని నాలుగుతోటి భాగించకు. రాణిగంజ్‌ల దొరుకుతయ్. గది మార్చేటప్పుడు ప్యానెల్ పట్టుకొని తొయ్యొద్దు, నడుము కింద పైపు పట్టుకొని తొయ్యాలె.

బెంచీ సంగతి: మూడడుగుల దూరంల కూసొని 75 అంగుళాల తెర చూసే పిల్లగానికి మెడ తిప్పుడే సరిపోతది. అది ఎట్లయినా తీసెయ్యాల్సిందే.

కరెంటు పని, ఉప్పల్:
నాదొక మాట. ఇనుప స్టాండు కాబట్టి ఎర్తింగ్ ఉన్న సాకెట్‌కే పెట్టండి, త్రీ పిన్ ప్లగ్గు మూడో కాలు విరగ్గొట్టి వాడకండి. స్పైక్ బస్టర్‌ని స్టాండుకే స్క్రూ చేసి, ఒక్క వైరు మాత్రమే గోడకి వెళ్లేలా చూడండి. ప్యానెల్ వెనక బోల్టులు పెద్ద సైజుల్లో ఎక్కువగా ఎం8 వస్తాయి, పొడవు మాన్యువల్లో చూసే కొనండి. పొడవెక్కువైతే లోపల బోర్డుకి తగులుతుంది.

ట్యూషన్ సార్:
సరే, బెంచీ తీసేస్తున్నా. బ్రాకెట్‌ని పైపుకి బోల్టుతో బిగిస్తే పైపు నొక్కుకుపోతుందేమో?

బాలానగర్ ఫిట్టర్:
నొక్కుకుపోతది. బోల్టు పోయే చోట పైపు లోపల చిన్న గొట్టం ముక్క అడ్డంగ పెట్టి వెల్డ్ చేయించు, అప్పుడు ఎంత బిగించినా చప్పిడి కాదు. నట్లు నైలాక్‌వి (లోపల నైలాన్ రింగుండేవి) తీసుకో, చక్రాల మీద తిరిగేదానికి మామూలు నట్లు వదులైతయ్.

ప్యానెల్ ఎక్కించే ముందు 25 కిలోల బియ్యం బస్తాలు రెండు అదే ఎత్తుల గట్టిగ కట్టు. బ్రేకులెయ్యి. పై చివరకు స్ప్రింగ్ కాటా తగిలించి వెనకకు మెల్లగ గుంజు, అటుపక్క ఒక మనిషిని పట్టుకోమను. ముందు చక్రాలు లేచేటప్పుడు కాటాల 20 కంటే తక్కువ చూపిస్తే ఇంకో ప్లేటు వేయించు. ముందుకు గుంజి కూడ చూడు, పిల్లలు అటే ఉంటరు.