లోతులో ఇసుక, ఒడ్డు దగ్గర బురద: ఎందుకిలా?

భీమిలి_కుర్రాడు:
మా బాబాయి ట్రాల్ బోటు మీద వేటకెళ్తాడు. నలభై బారల (సుమారు 70 మీటర్ల) లోతు దాటాక వలలో ముతక ఇసుక, అరిగిపోయి తుప్పు రంగు పట్టిన గుల్లలు వస్తాయట. ఒడ్డుకి దగ్గర్లో మాత్రం చాలాచోట్ల బురదే. బరువైన ఇసుక ముందే ఆగిపోయి, తేలికైన మట్టి దూరం పోవాలి కదా? ఇదేంటి?

కోర్_పెట్టె:
ఆ ఇసుక ఇప్పటిది కాదండీ. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. మీ బాబాయి వల లాగే చోటు అప్పట్లో పొడి నేల. మంచు కరిగి నీళ్లు ఎక్కుతుంటే ఒడ్డు అక్కణ్నుంచి వెనక్కి జరుగుతూ వచ్చింది, ఇసుక ఉండిపోయింది. ఈనాటి నదుల మట్టి అంతదూరం చేరేది తక్కువ, అందుకే ఆ ఇసుక కప్పబడిపోలేదు. మన తూర్పు తీరం షెల్ఫ్ (ఒడ్డు నుంచి నీళ్ల కింద మెల్లగా వాలుతూ పోయే నేల) బయటి భాగంలో ఊలైట్లు కూడా దొరికాయి. గసగసాల్లాంటి గుండ్రటి సున్నపు గింజలవి. కొద్ది మీటర్ల లోతున్న వెచ్చటి నీళ్లలో, అలలు దొర్లిస్తుంటేనే తయారవుతాయి. అంటే ఒకప్పుడు అక్కడ నీళ్ల లోతు అంతే.

నాకైతే ఇసుక కన్నా దాని అడుగే ఇష్టం. అలాంటి చోట సముద్రం అడుగులోకి గొట్టం దించి తీసిన కోర్‌ని, అంటే మట్టి కడ్డీని, ల్యాబ్‌లో నిలువునా చీలిస్తే గుల్లల తుక్కు కింద ఒక్కోసారి గట్టి బంకమట్టి తగులుతుంది, ఎర్రటి మచ్చలతో. ఒకప్పుడు నీళ్ల బయట ఉండి గాలి తగిలిన నేల అన్నమాట. రెండింటి మధ్య గీత స్పష్టంగా ఉంటుంది. ముందుకొచ్చిన అలలు పాత నేలని చెక్కేసిన చోటది. కొన్నిసార్లు వేల ఏళ్ల మట్టి ఆ గీత దగ్గర గల్లంతు!

సాగర్_విజీ:
నీళ్లు మెల్లగా ఎక్కితే ఇసుక అంతటా ఒకే మందాన పరుచుకోవాలి కదా సార్?

కోర్_పెట్టె:
ఒకే జోరుతో ఎక్కలేదమ్మా. సుమారు 14,500 ఏళ్ల కిందట కొన్ని వందల ఏళ్లలోనే 15 మీటర్లకు పైగా పెరిగింది. అలా ఎగబాకినప్పుడు ఇసుక దిబ్బలు అలలకి చిక్కకుండా మునిగి, ఆకారంతో సహా మిగలొచ్చు. నింపాదిగా ఎక్కితే అలలు తీరిగ్గా చదును చేసేస్తాయి. 7,000 ఏళ్ల కిందటికి జోరు బాగా తగ్గింది. ఇక కృష్ణా గోదావరులదే పైచేయి. డెల్టాలు సముద్రంలోకి పెరిగాయి, మధ్యలో కొల్లేరు లోపలికి చిక్కిపోయింది.

భీమిలి_కుర్రాడు:
ఆ గుల్లలకి వయసు కట్టిస్తే ఒడ్డు అక్కడ ఎప్పుడుందో తెలిసిపోతుందా?

కోర్_పెట్టె:
రేడియోకార్బన్ (గుల్లలోని కార్బన్‌ని బట్టి వయసు కట్టే పరీక్ష) చెప్పేది గుల్లలో జీవి బతికిన కాలం. అలలు దాన్ని ఎక్కణ్నుంచి దొర్లించుకొచ్చాయో చెప్పదు. బాగా అరిగినవి వదిలేసి, రెండు చిప్పలూ అతుక్కునే ఉన్నది దొరికితే దాచండి, అది ఎక్కువ దూరం దొర్లి ఉండదు. లోతు, జీపీఎస్ అంకెలు రాసిపెట్టడం మర్చిపోకండి.