ఎన్ స్కేల్‌లో కోడ్ 80 పట్టాలా, కోడ్ 55 పట్టాలా?

లూప్‌లైన్:
7 అడుగుల పొడవు, 30 అంగుళాల వెడల్పున్న ఫ్లష్ డోర్ మీద ఎన్ స్కేల్ (అసలులో 160వ వంతు సైజు నమూనా రైలు, పట్టాల మధ్య 9 మి.మీ.) లేఅవుట్ వేయాలి. రెండు లైన్ల ఓవల్, నాలుగు టర్నవుట్లు (బండిని ఒక లైన్ నుంచి మరో లైన్‌కు మళ్లించే పట్టాలు), ఒక స్టేషన్. బండ్లలో సగం జపాన్ కంపెనీ కాటో చేసిన కొత్తవి, మిగతావి రాపిడో కప్లింగ్ (పెట్టెలను కలిపే పాత తరహా కొక్కెం) ఉన్న పాత యూరప్ పెట్టెలు. కోడ్ 80 వేస్తే బొమ్మ రైలులా ఉంటుందని కొందరు, కోడ్ 55 వేస్తే పాత బండ్లు నడవవని కొందరు అంటున్నారు. ఇందులో అభిరుచి ఎంత, లెక్క ఎంత?

పదిన్నర మిల్లీ:
లెక్క ముందు చూద్దాం. కోడ్ అంటే పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో. కోడ్ 80 అంటే 2.03 మి.మీ. దాన్ని 160తో హెచ్చిస్తే 325 మి.మీ. మన లైన్లలో వేసే 60 కిలోల పట్టా ఎత్తు 172 మి.మీ. మాత్రమే, అంటే ఇది దాదాపు రెట్టింపు. కోడ్ 55 కూడా 223 దాకా వస్తుంది. అసలుకు దగ్గరైనది కోడ్ 40, అది 163.

పాత పెట్టెలకు సమస్య ఎత్తు ఒక్కటే కాదు, చక్రం ఫ్లాంజ్ (పట్టా లోపలి వైపు కిందికి దిగే అంచు) లోతు కూడా. అట్లాస్ కంపెనీ కోడ్ 55లో పట్టాను పట్టి ఉంచే మేకు తలలు లోపలి వైపు కాస్త పైకి ఉంటాయి. లోతు ఫ్లాంజ్ వాటి మీద టకటకలాడుతూ వెళ్తుంది. పెకో కంపెనీ కోడ్ 55 తయారీ వేరు. పట్టా అడుగుభాగం స్లీపర్ల ప్లాస్టిక్‌లో పూడ్చి ఉంటుంది, పైకి కనిపించేది మాత్రమే 55. అందుకే పాత చక్రాలూ దాని మీద నడుస్తాయి. మీ బండ్లకు నేను చెప్పేది పెకో 55. ఎలక్ట్రోఫ్రాగ్ టర్నవుట్ (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు, అంటే ఫ్రాగ్, లోహంతో ఉండి కరెంటు పారే రకం) తీసుకుంటే ఫ్రాగ్ నుంచి వచ్చే రెండు లోపలి పట్టాలకు ప్లాస్టిక్ జాయినర్లు పెట్టడం మరవకండి. లేకపోతే షార్ట్ అవుతుంది.

సిగ్నల్ పచ్చ:
నేను ఒప్పుకోను. తలుపు పలక మీద మొదటి లేఅవుట్‌కు కాటో యూనిట్రాక్ వేయండి. అది కోడ్ 80యే, అయినా కంకర గట్టులాంటి ప్లాస్టిక్ బెడ్‌తో కలిసి వస్తుంది, అతుకులు గట్టిగా పట్టుకుంటాయి, నచ్చకపోతే విప్పి మళ్లీ వేసుకోవచ్చు. బయటి లైన్‌కు 315 మి.మీ. వ్యాసార్థం, లోపలి లైన్‌కు 282. బయటి వంపు బెడ్‌తో కలిపి 655 మి.మీ. అవుతుంది, మీ పలక 762. రెండు వైపులా ఐదేసి సెంటీమీటర్లు మిగులుతాయి. బండి తప్పినా నేల మీద పడకుండా ఆ అంచు కావాలి.

టర్నవుట్లు నంబర్ 6 తీసుకోండి (నంబర్ పెద్దదైతే మళ్లింపు మెల్లగా ఉంటుంది). నంబర్ 4లో కదిలే పట్టా మొన పక్క పట్టాకు పూర్తిగా అతుక్కోదు, చిన్న చక్రాలు ఆ సందులో దూరి పెట్టె పక్కకు పోతుంది. ఇప్పటికే నంబర్ 4 కొని ఉంటే, మొన ఆనే చోట పక్క పట్టా లోపలి అంచును సన్నని ఆకురాయితో కొద్దిగా గీకండి. మొన ఆ గాడిలో కూర్చుంటుంది.

బ్యాలస్ట్:
ఇద్దరి మాటా నిజమే, కానీ చూసే దూరం తేడా. మూడడుగుల దూరం నుంచి, పైనుంచి చూసేవారికి పట్టా ఎత్తు అంతగా తెలియదు. కెమెరాను పట్టాల మట్టానికి దించేవారికి మొదట కొట్టొచ్చినట్టు కనబడేది అదే. ఎత్తును ఎక్కువ చేసి చూపేది పట్టా పక్కల మెరుపు. పక్కలకు తుప్పు రంగు అక్రిలిక్ వేసి, పైభాగం ఆరకముందే తుడిచేయండి. కోడ్ 80 కూడా సన్నగా కనిపిస్తుంది.

కంకర విషయంలో మాత్రం నేను పట్టు విడవను. మన రైల్వే కంకరలో పెద్ద రాయి 65 మి.మీ. అది 1:160లో 0.4 మి.మీ. బజారులో ఎన్ స్కేల్ పేరుతో దొరికేది చాలావరకు అంతకంటే లావు, దాని పక్కన పట్టా ఎంత సన్నదైనా లాభం లేదు. నల్లరాతి పొడిని సన్న జల్లెడలో జల్లించి, అందులో అయస్కాంతం తిప్పండి. ఇనుప రేణువులు ఉండిపోతే ఇంజిన్ మోటార్‌లోకి చేరతాయి. ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు. టర్నవుట్ మొనల దగ్గర రెండు సెంటీమీటర్లు జిగురు వేయకుండా వదిలేయండి.

లూప్‌లైన్:
మన బండ్లు నడపాలంటే 9 మి.మీ. గేజ్ తప్పేగా?

పదిన్నర మిల్లీ:
తప్పే. 1676 మి.మీ.ను 160తో భాగిస్తే 10.5 రావాలి. 9 మి.మీ. పట్టాను బ్రాడ్‌గేజ్ అనుకుంటే స్కేల్ 1:186 అవుతుంది. ముందు నుంచి చూస్తే ఎల్‌హెచ్‌బీ (మన రైల్వే కొత్త తరహా బోగీ) పెట్టె ఇరుకు పట్టాల మీద నిలబడ్డట్టు ఉంటుంది, పక్క నుంచి తెలియదు. అయినా ఎన్ స్కేల్ వదలకండి. 23.54 మీటర్ల పెట్టె ఇక్కడ 147 మి.మీ., పది పెట్టెలకు మీటరున్నర. హెచ్ఓలో (1:87 స్కేల్) అదే బండికి 2.7 మీటర్లు కావాలి, మీ తలుపు కంటే పొడవు.

సిగ్నల్ పచ్చ:
పాత పెట్టెల కప్లింగ్‌లు మార్చేముందు ఒక్క పెట్టెకు ఒక వైపు రాపిడో, మరో వైపు నకిల్ (పిడికిలిలా పట్టుకునే కొత్త తరహా కప్లింగ్) పెట్టి చూడండి. మధ్యలో అది ఉంటే రెండు రకాలూ ఒకే బండిలో నడుస్తాయి. కప్లింగ్‌ను పెట్టె అడుగుకు బిగించకండి. 282 వంపులో వెనక్కి నెట్టేటప్పుడు పొడవాటి పెట్టెలు ఒకదాన్నొకటి పక్కకు తోసేస్తాయి. చక్రాల ట్రక్‌కే ఉండనివ్వండి.