కేదార్‌కంఠ చలికి బ్యాటరీ గ్లోవ్స్ సరిపోతాయా?

ప్రశ్న:
డిసెంబరు చివరి వారంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు వెళ్తున్నాము. శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. హైదరాబాదు చలికే, పొద్దున్న స్కూటర్ హ్యాండిల్ పట్టుకుంటే నా వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడి, తర్వాత నీలమెక్కి కొంకర్లు పోతాయి. ఇది రేనాడ్స్ సమస్య అని డాక్టరు గారు చెప్పారు. బ్యాటరీతో వేడెక్కే గ్లోవ్స్ కొనాలనుకుంటున్నాను. వాటినే నమ్ముకొని వెళ్లవచ్చా?

మొదటి జవాబు:
వాటినే నమ్ముకోకండి. నిరుడు అదే దారిలో తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి, వేడి ఎక్కువలో పెట్టుకొని నడిస్తే, గంటన్నర కాకముందే కుడిచేతి మణికట్టు మీది ఎర్ర దీపం ఆరిపోయింది. రాత్రంతా బ్యాటరీలను గుడారం మూలన ఉన్న సంచిలో వదిలేయడమే కారణం; లిథియం బ్యాటరీ చలికి మందగించి, ఉన్న ఛార్జీని కూడా పూర్తిగా ఇవ్వలేదు. అందుకని వాటిని సాక్సులో చుట్టి, స్లీపింగ్ బ్యాగులో పొట్ట దగ్గర పెట్టుకొని పడుకోండి. సున్నా డిగ్రీలకు దిగువన ఛార్జింగ్ పెట్టకండి, బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. బ్యాటరీ అయిపోయినా చేతులను కాపాడగలిగే మందపాటి ఉన్ని మిట్టెన్లు సంచిలో తప్పక ఉండాలి. నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉంటాయి కనుక ఒకదాని వెచ్చదనం మరొకదానికి అందుతుంది.

రెండో జవాబు:
నాకూ రేనాడ్స్ ఉంది. వేళ్లు తెల్లబడ్డాక స్విచ్చి నొక్కితే ఆలస్యమైనట్టే, ఎందుకంటే ఒకసారి ముడుచుకున్న రక్తనాళాలు మళ్లీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. గుడారంలో ఉండగానే తొడుక్కొని, తక్కువ వేడిలో ఆన్ చేయండి. ఛాతీ, మెడ, తల వెచ్చగా లేకపోతే శరీరం వేళ్లకు రక్తాన్ని తగ్గిస్తుంది, అప్పుడు గ్లోవ్స్ ఎంత మంచివైనా చాలవు. అన్నిటికంటే ముఖ్యంగా, వేళ్లకు స్పర్శ పూర్తిగా పోతే వేడి పెంచకండి. చర్మం కాలుతున్నా మనకు తెలియదు. మధుమేహంతో చేతుల్లో తిమ్మిర్లున్నవారు కూడా ఈ జాగ్రత్త పాటించాలి.

మూడో జవాబు:
డెహ్రాడూన్ వరకు విమానంలో వెళ్తుంటే, విడి బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే పెట్టుకోవాలి. 7.4 వోల్టులు, 2,200 ఎంఏహెచ్ బ్యాటరీ 16 వాట్-అవర్లే కనుక 100 వాట్-అవర్ల పరిమితికి చాలా లోపే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలండీ. మిట్టెన్లు కూడా కొంటాను. ఈ ఆదివారం తెల్లవారకముందే అనంతగిరి కొండల్లో వీటిని తొడుక్కొని నడిచి, తక్కువ వేడిలో ఎన్ని గంటలు వస్తాయో ఇక్కడే రాస్తాను.